చలవ బిళ్ళ

రాజ్యాలు ఎందుకు కూలిపోయాయో రాసేటప్పుడు చరిత్రకారులు యుద్ధాల చుట్టూ కరువుల చుట్టూ తిరుగుతారు తప్ప, మిగిలిన మాత్రను ఏం చేయాలన్న ప్రశ్న దగ్గర ఒక్కరూ ఆగరు. తిరుచానూరులో ఆ ప్రశ్న ఎప్పుడో పరిష్కారమైంది. ఏ సంవత్సరంలో అన్నదానికి శాసనాధారాలు లేవు. అమ్మవారి గుడికి పోయే దారిలో గాజులమ్మే జైనబ్ బీ, ఇంట్లో ఎవరికి నలత తగ్గినా మిగిలిన మాత్రలను పారేయకుండా ఒక పాత పౌడరు డబ్బాలో వేసింది. ఆ రోజుతో ఆ వీధి వైద్యంలో కొత్త శకం ఆరంభమైంది.

మూత్రంలో మంటను మన వైపు రోగమనరు. ‘వేడి చేసింది’ అంటారు. వేడికి మజ్జిగ, సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు ఎలాగూ ఉన్నాయి. ఒకసారి అవేవీ పనిచేయక ఆసుపత్రికి పోతే, అక్కడిచ్చిన మాత్రలతో జైనబ్ బీ మంట రెండు పూటల్లో చల్లారింది. చల్లార్చేది చలవ కాక మరేమిటి? ఆమె దానికి ‘చలవ బిళ్ళ’ అని పేరు పెట్టింది. పేరు కుదిరాక శాస్త్రం దానంతటదే తయారైంది. మంట ఆరగానే మానేయాలి, చలవ ఎక్కువైతే జలుబు చేస్తుంది. మిగిలినవి ఇంకొకరి వేడికి పనికొస్తాయి.

పనికొచ్చాయి కూడా. గాజులు తొడిగేవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది, ఎదుటి మనిషి చెయ్యి తమ చేతిలో ఉంటుంది. పూలమ్మేవాళ్ళు, లాడ్జీల్లో గదులు ఊడ్చేవాళ్ళు, ఒంటికి పోయే చోటు లేక పొద్దంతా నీళ్ళు తాగని ఆడవాళ్ళు, వీళ్ళంతా మగవాళ్ళ ముందు చెప్పుకోలేని బాధను ఆమె చేతిలో చెయ్యి పెట్టి చెప్పుకునేవాళ్ళు. ఆమె నాలుగు బిళ్ళలు ఆ చేతిలోనే పెట్టేది. పైసా పుచ్చుకునేది కాదు. వాళ్ళ ఇళ్ళల్లో మిగిలిన మాత్రలూ ఆ డబ్బాలోకే చేరేవి. గుడి గోడల మీద పేర్లు చెక్కించుకున్న దాతల్లో ఎవరూ ఇంతమంది మంట ఆర్పి ఉండరు.

కోడలు సుహానాకు ఏడో నెలలో మంట పుట్టింది. సొంత కోడలి దగ్గర పిసినారితనం చేసే మనిషి కాదు జైనబ్ బీ. డబ్బాలో కొత్తగా కనిపించినవి ఏరి ఇచ్చింది. మంట తగ్గింది, బిళ్ళలు ఆపేశారు. కొన్నాళ్ళకే ఆ మంట, నడుం నొప్పినీ వణుకు జ్వరాన్నీ వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. మళ్ళీ బిళ్ళలు వేశారు. ఈసారి తగ్గలేదు.

తిరుపతి ఆసుపత్రిలో డాక్టరు ప్రసన్నకుమారి దాపరికం లేకుండా చెప్పింది. ఇన్‌ఫెక్షన్ కిడ్నీకి పాకింది. జ్వరం దిగకపోతే నెలలు నిండకముందే కాన్పు కావచ్చు. అప్పుడు బిడ్డ దక్కుతుందని చెప్పలేం.

“ఇంతకుముందు ఏమైనా మందులు వాడినారా?” అని అడిగింది.

సుహానా గోడకేసి చూసింది. కోడళ్ళకు తెలిసిన మర్యాద అది.

“నేనే ఇచ్చినా డాక్టరమ్మా,” అంటూ జైనబ్ బీ సంచిలోంచి డబ్బా తీసింది. “సలవ బిళ్ళ.”

డాక్టరు మూత తీసి, లోపలి బిళ్ళల్ని వేలితో కదిపి చూసింది.

“ఇది చలవా కాదు, వేడీ కాదమ్మా. ఒంట్లో రోగం తెచ్చే పురుగుల్ని చంపే మందు. కొండకు నడిచిపోయే దారిలో కోతులుంటాయి గదా, కర్రతో రెండు దెబ్బలేసి ఆపేస్తే ఏమవుతుంది?”

“పిరికివి పారిపోతాయి. మొండివి ఆడనే కూసోనుంటాయి.”

“వాటికి పుట్టే పిల్లలు?”

“అవీ మొండివే.” జైనబ్ బీ డబ్బా వైపు చూసింది. “అంటే నా కోడలి ఒంట్లో మొండికోతుల్ని నేనే పెంచినానా?”

“మీరొక్కరే కాదులేమ్మా. ఊరంతా పెంచుతా ఉండాది.”

మూత్రం కల్చరు రిపోర్టు వచ్చింది. మామూలుగా వాడే మాత్రల్లో ఒక్కదానికీ ఆ పురుగు లొంగదని తేలింది. లొంగేది సూదిమందుకే. అది నరంలోకి ఎక్కిస్తున్నన్ని రోజులూ జైనబ్ బీ మంచం పక్కన నేల మీదే కూర్చుంది. జ్వరం దిగింది.

“అమ్మీ, తన్నింది,” అని సుహానా కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

“తన్ననీ. నన్ను తన్నాల్సింది నిన్ను తంతా ఉండాది,” అంది జైనబ్ బీ.

తప్పు ఒప్పుకోవడం పెద్దవాళ్ళకు అలవాటు లేని విద్య. ఒప్పుకున్నా, తలుపులు వేసుకుని ఒప్పుకుంటారు. జైనబ్ బీ మాత్రం ఇల్లిల్లూ తిరిగి, తలుపులు తీయించి మరీ ఒప్పుకుంది. మిగిలిన బిళ్ళలన్నీ తిరిగి ఇచ్చేయమంది. పూలమ్మే తిరుమలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఇచ్చిన సేత్తోనే ఎనక్కి లాక్కుంటావా బీబమ్మా? రేపు గాజులు గూడా ఊడదీసి ఇమ్మంటావా?”

“గాజు పగిల్తే ఇంకోటి తొడుగుతా. నా కోడలికైనట్టు నీ కూతురికైతే బిడ్డను యాడ తెచ్చేది? వేడి సేస్తే నీళ్ళు తాగు. తగ్గకుంటే ఆసుపత్రికి పో. వాళ్ళు రాసిచ్చినవి ఆఖరు బిళ్ళ దాకా మింగు.”

“జలుబు సేస్తే?”

“సీదుకో.”

తిరుమలమ్మ లోపలికి పోయి, ఉప్పు జాడీ వెనకనుంచి కాగితపు పొట్లం తెచ్చి ఇచ్చింది. ఆమె ఇచ్చాక వీధిలో మిగతావాళ్ళూ ఇచ్చారు. రాజ్యాలు పంచిపెట్టినవాళ్ళు చరిత్రలో చాలామంది ఉన్నారు. పంచినదాన్ని తప్పని తెలిసి, గడప గడపకూ పోయి మాటలు పడి వెనక్కి తెచ్చుకున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో పండితులే తేల్చాలి.

సుహానాకు నెలలు నిండాకే ఆడపిల్ల పుట్టింది. ఆ వారమే జైనబ్ బీ పోగైన బిళ్ళలన్నీ ఆసుపత్రిలో అప్పగించి వచ్చింది. ఆ వీధిలో ఇప్పుడు ఏ ఇంట్లోనూ ఒక్క చలవ బిళ్ళ లేదు.

వీధి మొదట్లో ఉన్న మందుల షాపులో అవి డాక్టరు చీటీ అడక్కుండా ఇస్తారు. రెండే కావాలంటే అట్ట కత్తిరించి ఇస్తారు.