చీరతో ఒకరోజు కాపురం

మూడేళ్ల కిందట, ఆషాఢం సేల్ నడుస్తున్న రోజుల్లో, నన్ను కూకట్‌పల్లి బ్రాంచి నుంచి మాదాపూర్ ఆఫీసులోని కొనుగోళ్ల విభాగానికి మార్చారు. బ్రాంచిలో ఆల్టరేషన్ సెక్షన్ చూసేదాన్ని. హోదా ఫిట్టింగ్ ఇన్‌చార్జి. మా కంపెనీకి కూకట్‌పల్లి, కొండాపూర్, చందానగర్‌లలో ఆడవాళ్ల బట్టల షాపులున్నాయి. వాటిలో ఏ సరుకు పెట్టాలో తేల్చేది మాత్రం మాదాపూర్ ఆఫీసే. నేను చీరలకు ఫాల్ కుట్టే పనితో చేరాను. నలభై దాటాక షాపులోనే అక్షరాలు నేర్చుకున్నాను. లేబుళ్లు చదవడం వచ్చాకే ఇన్‌చార్జి పని ఇచ్చారు.

రిటైరయ్యాక మా బిల్డింగులో ఆడవాళ్లు తరచూ అడుగుతుంటారు, ఫోన్‌లో చూసిన ఫ్యాషన్ అంత తొందరగా షాపులోకి ఎట్లా వస్తుందని. కొన్ని ఎందుకు రావని ఎవరూ అడగరు. అసలు పని అక్కడే ఉంటుంది.

ప్రతి సోమవారం పొద్దున మీటింగ్ ఉండేది. గోడకున్న పెద్ద టీవీలో ఆ వారం బాగా తిరిగిన రీల్స్ వేసేవారు. బయ్యింగ్ హెడ్ సురేందర్ సార్ ముందు కూర్చునేవారు. వరంగల్ మనిషి, మాట కరుకు, నవ్వు తేలిక. రీల్‌కి ఎన్ని లైకులు వచ్చాయని ఆయన ఎప్పుడూ అడిగేవారు కాదు. దీన్ని వేసుకుని కూర్చోవచ్చా, ఉతకొచ్చా, రెండోసారి ఎక్కడికి వేసుకుపోతారు అని అడిగేవారు. ఒకసారి భుజాల దగ్గర బుట్టల్లా ఉబ్బిన చేతుల జాకెట్టు వచ్చింది. "గీ చేతులేస్కొని ఆఫీస్ లిఫ్ట్ల ఎక్కుతే ఇంకొకరు పడ్తరా? పక్కకు పెట్టుండ్రి" అన్నారు. అంతటితో ఆ జాకెట్టు కథ ముగిసింది.

మీటింగ్‌లో నిలిచిన దానికి శాంపిల్ తెప్పించేవాళ్లం. కొలతలు చూడటం నా వంతు. ఆ తర్వాత మా ఆఫీసుకే ప్రత్యేకమైన ఒక పద్ధతి ఉండేది. ఆఫీసులో పనిచేసే మామూలు ఒడ్డూపొడుగూ ఉన్న ఒక ఆడమనిషి ఆ శాంపిల్‌ను ఇంటి దగ్గరే కట్టుకుని బయల్దేరాలి. ఆఫీసుకు రావాలి, పని చేసుకోవాలి, అన్నం తినాలి, అదే బట్టతో ఇంటికి వెళ్లాలి. కాగితం మీద దాని పేరు వేర్ ట్రయల్. మేము మాత్రం 'ఒకరోజు కాపురం' అనేవాళ్లం. ఆ కాపురం నిలబడితేనే ఆర్డరు.

నేను చేరేనాటికి హారిక అని కర్నూలు అమ్మాయి జూనియర్ బయ్యర్‌గా ఉంది. మొదట కొండాపూర్ షాపులో అమ్మకాల్లో చేరి, డిజైన్ కోర్సు కూడా చదివిందని బయ్యింగ్‌కు తెచ్చుకున్నారు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. అంటే పని నచ్చితే ఉంచుతారు, లేకపోతే మళ్లీ షాపు కౌంటర్ దగ్గరికి పంపుతారు. తన చేతులమీదుగా ఒక సరుకు అమ్ముడైతే తప్ప ఆమెకు ఆ కుర్చీ ఖాయం కాదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆమెకు మరీ తెలుసు.

హారిక తెచ్చిన రీల్‌లో ఒక అమ్మాయి వన్ మినిట్ శారీ కట్టుకుంటుంది. కుచ్చిళ్లు ముందే కుట్టి, నడుంపట్టీకి జిప్ పెట్టిన చీర అది. లంగాలా తొడుక్కుని కొంగు వేసుకుంటే చాలు. అలాంటివి అప్పటికే బజారులో ఉన్నాయి. దీని ప్రత్యేకత కుచ్చిళ్ల పక్కన ఫోన్ పట్టే జేబు. ఆ అమ్మాయి జేబులో చెయ్యి పెట్టుకుని నడిచే తీరుకి రీల్ ఊరంతా తిరిగింది.

"సార్, శ్రావణమాసం వస్తాంది. ఇది ఇప్పుడు తీసుకోకపోతే అందరూ తెచ్చేస్తారు" అంది హారిక.

సార్‌కి కూడా నచ్చింది. ఆఫీసు నుంచి నేరుగా పేరంటానికి వెళ్లేవాళ్లు మా కస్టమర్లలో ఎక్కువ. వీడియోను సూరత్‌లో కుట్టించే వ్యాపారికి పంపారు. శాంపిల్ వచ్చింది. నేను నడుము, పొడవు, జిప్ చూశాను, సరిగ్గా ఉన్నాయి. బొమ్మకు కట్టి టీవీ పక్కన నిలబెట్టాం. వీడియోలో ఉన్నట్టే ఉంది, కుచ్చు కుచ్చుకీ పోలిక కుదిరింది. అందరం మెచ్చుకున్నాం. కాపురానికి మనిషి కుదిరేసరికి వారం పట్టేలా ఉంది, అప్పటిదాకా ఆగితే సరుకు శ్రావణానికి అందదని హారిక బతిమాలింది. సార్ వ్యాపారికి ఫోన్‌లోనే సరేనన్నారు. సూరత్‌లో కుట్టు మొదలైంది.

కాపురానికి పద్మజగారిని పిలిచాం. ఆవిడ అకౌంట్స్‌లో పనిచేసేవారు. భీమవరం వైపు మనిషి, ప్రగతి నగర్‌లో కాపురం. వాళ్లాయన బండి మీద మెట్రో దాకా దింపితే, అమీర్‌పేటలో రైలు మారి మాదాపూర్ వచ్చేవారు. రెండు రైళ్లు, బోలెడు మెట్లు. కాపురానికి అంతకన్నా మంచి దారి లేదు.

ఆ రోజు ఆవిడ నవ్వుతూ, రొప్పుతూ వచ్చారు.

"ఏం ఫ్యాషనండీ బాబూ ఇది! బండి మీద కూర్చుని ఆయన భుజం పట్టుకుందామంటే కొంగు చేతికి అడ్డం పడిపోతోంది. 'నన్ను కూడా కట్టేస్తావా ఏంటే' అన్నారాయన. మెట్రో కార్డు తీద్దామంటే జేబేమో ఎడమచేతి వైపుంది. నా వెనకాల క్యూ అంతా తిట్టుకుంటున్నారు. రైల్లో ఒక పెద్దావిడైతే, 'అమ్మాయ్, పైట అటేసుకున్నావేంటి?' అని అందరిముందూ అడిగేసింది. ఫ్యాషనేనండీ అని చెప్పి తప్పించుకున్నా."

అప్పుడు చూశాం. కొంగు ఆవిడ కుడి భుజం మీద ఉంది.

అంతకుముందు బొమ్మ మీద కూడా కుడి భుజం మీదే ఉంది. అందరం చూస్తూనే ఉన్నాం. టీవీలో అటే ఉంది, శాంపిల్లోనూ అటే ఉంది, కాబట్టి సరిగ్గా ఉందనుకున్నాం. ఎడమ భుజం మీద కొంగు వేసుకునే ఊరిలో, చీరలు అమ్మే ఆఫీసులో, అందరమూ దాన్ని ఫ్యాషన్ కింద జమకట్టాం.

హారిక రీల్ మళ్లీ పెట్టి, ఒకచోట ఆపి, పెద్దది చేసింది. వెనక గోడకు క్యాలెండర్ ఉంది. దాని మీద అంకెలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి.

"సెల్ఫీ కెమెరా అక్కా" అంది నాతో. "ఆ పిల్ల ఎడం భుజం మీదే వేసుకుంది. వీడియో తిరగబడింది. వాళ్లు తిరగబడిందే కుట్టినారు."

సార్ వ్యాపారికి ఫోన్ చేసి పని ఆపించారు. సగం సరుకు అప్పటికే కుట్టేశారట. మీరు పంపిన వీడియోలో ఉన్నట్టే కుట్టాం కదా అన్నాడతను. అతనన్న మాట నిజమే. అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఇక మిగిలింది ఒకే ప్రశ్న. ఆర్డరు వదులుకోవాలా, నిలబెట్టుకోవాలా? వదిలేస్తే కుట్టిన సరుకు డెడ్ స్టాక్, అంటే గోడౌన్‌లో పడి ఉండే సరుకు. దానితోపాటు హారిక కొండాపూర్ కౌంటర్‌కి వెళ్తుంది. సార్ ఆ మాట పైకి అనలేదు. హారిక మధ్యాహ్నం డబ్బా మూత కూడా తియ్యలేదు.

డబ్బా తెరిపించింది పద్మజగారే. "తినమ్మా ముందు. ఒక సంగతి చెప్పనివ్వండి సార్" అంటూ లేచి అటూ ఇటూ నడిచి చూపించారు. "మెట్లెక్కాను, దిగాను, రైలు కోసం పరిగెత్తాను. పొద్దున్నుంచి కుచ్చిళ్లు ఒక్కసారైనా సర్దుకోలేదండి. అట్నుంచి ఇటు మార్చి ఇస్తే మొదటి చీర నాకే. రైల్లో ఇద్దరు ముగ్గురు ఎక్కడ కొన్నారని అడిగారు కూడా."

"తప్పుగ కట్టిన్రని నవ్విన్రా, కొంటమని అడిగిన్రా?" అన్నారు సార్.

"రెండూనండి!"

సార్‌కి నవ్వు ఆగలేదు. తర్వాత నావైపు తిరిగి, "సత్తెమ్మా, ఇది తిప్పొస్తదా?" అని అడిగారు.

విప్పి చూస్తేగానీ చెప్పలేనన్నాను. చీరను ఊరికే బోర్లా తిప్పితే వెనకవైపు బయటికొస్తుంది. అలా కుదరదు. కింది అంచు పైకి వచ్చేలా తలకిందులు చెయ్యాలి. అప్పుడు బట్ట ముఖం బయటికే ఉంటుంది, కొంగు రెండోవైపుకి వస్తుంది. దానికి రెండంచులూ ఒకేలా ఉండాలి. కింద పెద్ద అంచు, పైన చిన్న అంచు ఉన్న చీరైతే పని అయ్యేది కాదు. దీనికి రెండువైపులా ఒకే సన్నని అంచు ఉంది. అది మా అదృష్టం.

శాంపిల్‌నే విప్పాను. ఫాల్ తీసి అటంచుకి వేశాను, కుచ్చిళ్లు ఎదురు దిక్కుకి మడిచాను, జేబు కుడివైపుకి మార్చాను. హారిక పక్కనే కూర్చుని పాత మడతల మీద ఆవిరి ఇస్త్రీ పట్టింది. సూది గుర్తులు నడుము దగ్గర సన్నగా మిగిలాయి. దాని మీదికి గుడ్డ బెల్టు పెడితే కనపడవని సూచించింది హారికే. బెల్టుతో చీర ఇంకా బాగుంది కూడా.

మిగతా సగం సూరత్‌లో సరిచేసి కుట్టారు. కుట్టేసినవి మా కూకట్‌పల్లి ఆల్టరేషన్ సెక్షన్‌కి వచ్చాయి. అక్కడి ఆడవాళ్లు నన్ను ఊరికే వదల్లేదు. "మాదాపూర్ పోయి నేర్సింది గిదేనా అక్కా, సీదా చీరలు ఉల్టా పంపుడు?" అని నవ్వుతూనే అన్నీ తిప్పి కుట్టారు. ముదురాకుపచ్చ రంగు ఒక్కటి మొండికేసింది. దాని మీద మడత గుర్తులు ఎంత పట్టినా పోలేదు, ఆ రంగు షాపులో పెట్టలేదు. మిగిలినవి వరలక్ష్మీవ్రతం శుక్రవారానికి ముందే షాపులకు చేరాయి.

చీర కట్టడం రాని పిల్లలు కొంటారని లెక్కవేశాం. ఎక్కువగా కొన్నది పద్మజగారి వయసువాళ్లు. వాళ్లకు కట్టుకోవడం బాగానే వచ్చు. ఆఫీసుకీ పూజకీ మధ్య తీరిక ఉండదు, అంతే. సరుకు శ్రావణంలోనే అయిపోయింది, మళ్లీ ఆర్డరు పెట్టాం. ప్రొబేషన్ ముగిశాక హారిక కుర్చీ హారికకే ఉండిపోయింది. ఆమె మొదట చేసిన పని, మీటింగ్ టీవీ పక్కన అద్దం ఒకటి తగిలించడం. వీడియోలో ఉన్నది తన ఒంటి మీద ఎటు వస్తుందో దానిలో చూసుకునేది. సార్ వచ్చినప్పుడల్లా "మేకప్ అయిందా?" అని ఏడిపించేవారు.

పద్ధతిలో రెండు మార్పులు చేశాం. కాపురం పూర్తికాకముందు కుట్టు మొదలుపెట్టకూడదు. కాపురం చేసే మనిషికి ముందుగా వీడియో చూపించకూడదు, ఫ్యాషన్ అన్న మాట చెప్పకూడదు. ఆవిడకు ఇబ్బందిగా ఉంటే ఇబ్బంది అనే చెప్పాలి.

ఆ ఏడు నేను నేర్చుకున్నది ఇది. శాంపిల్‌ను వీడియోతో పోల్చి చూసినన్నాళ్లూ అది సరిగ్గానే ఉంటుంది. కొనే మనిషి వీడియోలో ఉండదు. ఆమె బండెక్కుతుంది, మెట్లు దిగుతుంది, కుడిచేత్తో కార్డు తీస్తుంది. ఒక ఫ్యాషన్ కొనదగ్గదా కాదా అన్నది ఆమె సాయంత్రం ఇంటికి చేరాక చెప్పాలి. అప్పటిదాకా ఆర్డరు పెట్టకపోవడమే ఈ ఉద్యోగం.