సోమక్క చేతి మీద వంకర గీత

బాసగూడలో ఎవరింట్లో ఏం కూర ఉడుకుతోందో మూత తీయకుండానే చెప్పగల మనిషి సోమక్క. అయినా మూత తీసి చూస్తుంది. అరవై మూడేళ్లు వచ్చాయి. ఐదో తరగతి దాకా చదువుకుంది. వీధిలో ఎవరి ఫోన్ మోగినా సంగతేమిటో తెలియకపోతే ఆమెకు ఆ పూట అన్నం సయించదు. ఊళ్లోవాళ్లు దీన్ని పెద్దరికం అంటారు, ఆమె ఎదురుగా ఉన్నంతసేపు. వెనక ఏమంటారో కూడా సోమక్కకు తెలుసు. అదీ వెళ్లి తెలుసుకుంది.

అందరి గిన్నెల మూతలూ తీసే సోమక్క దగ్గర, ఎవరూ మూత తీయని గిన్నె ఒకటుంది. అది ఆమె ఎడమ ముంజేతి మీదే, పట్టపగలు అందరికీ కనపడేటట్టు ఉంది.

అదొక పచ్చబొట్టు. పైన ఏడు చుక్కల వరస. కింద కోడికాళ్లలాంటి గుర్తులు మూడు. రెండింటికి మూడేసి వేళ్లున్నాయి, మూడోదానికి ఒక్కటే. ఆ ఒంటివేలు దగ్గర్నుంచి ఒక గీత వంకరగా జారి, మోచేతి దాకా పోయి ఆగిపోయింది. కుడిచేయి బోసి.

పెళ్లయి ఉసూర్ నుంచి ఈ ఇంటికి వచ్చిన కొత్తలో తోటికోడళ్లు ఆ చేతిని పట్టుకుని, "ఇదేం బొట్టే, సగం సగం?" అని నవ్వబోయారు. పద్దెనిమిదేళ్ల సోమక్క గడ్డం పైకెత్తింది. "సగమేంది? మా ఉసూరోళ్ల గుర్తు ఇది. అడివి దాటి అత్తగారింటికి పోయిన పిల్ల మళ్ల పుట్టింటికి వచ్చే దారి. చుక్కలు ఊర్లు. కోడికాళ్లు గుట్టలు. గీత వాగు."

తోటికోడళ్ల నోళ్లు మూతపడ్డాయి. చెప్పిన మాట సోమక్కకే ఎంతగానో నచ్చింది. అప్పటినుంచి ఏటికేడాది దానికి మెరుగులు పెడుతూ వచ్చింది. ఒక ఏడాది అందులోకి పులి కూడా వచ్చింది. కానీ ఎవరో ఆ పులి ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నారు. దాంతో పులిని తీసేసింది.

నిజం చాలా చిన్నది. పదకొండేళ్లప్పుడు అమ్మ ఆమెనూ, పక్కింటి దోర్ల తెగ పిల్ల గంగేనూ ఉసూర్ సంతకు తీసుకుపోయి, పచ్చబొట్టు పొడిచే ఆమె ముందు చాప మీద కూర్చోబెట్టింది. గంగే బెల్లంముక్క చప్పరిస్తూ రెండు చేతులూ చాపి, కిక్కురుమనకుండా మొత్తం పొడిపించుకుంది. సోమక్క ఏడు చుక్కలు ఓర్చుకుంది, రెండు కోడికాళ్లు ఓర్చుకుంది. మూడోదాని మొదటి వేలు దగ్గర కెవ్వుమని చెయ్యి లాగేసుకుంది. సూదులకట్ట చర్మం మీద బర్రున జారింది. ఆ జారుడే వాగు. నెత్తురు కారుతున్న చేత్తో సంత మధ్యలోంచి పరుగు తీసింది. మళ్లీ ఆ చాప మీద ఆమెను కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు.

ఈ సంగతి ఈ భూమ్మీద తెలిసిన మనిషి గంగే ఒక్కతే. ఆమె ఉసూర్‌లోనే ఉంటుంది కాబట్టి, బాసగూడలో సోమక్క పరువుకు నలభై అయిదేళ్లుగా ఏ లోటూ రాలేదు.

ఇక ఆమె మనవరాలు, కొడుకు కూతురు దీప. జగదల్‌పూర్‌లో ఏడాది పాటు కుట్టుపనీ ఎంబ్రాయిడరీ నేర్చుకుని వచ్చి, ఇంటి వసారాలో మిషన్ పెట్టుకుంది. చుట్టుపక్కల పెళ్లికూతుళ్లందరికీ కుట్టిపెట్టిన పిల్లకు ఇప్పుడు తన పెళ్లే వచ్చింది. పిల్లాడు నాగార్జున, చర్లలో ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ముహూర్తం ఇప్పపూలు ఏరడం అయిపోయాక, తునికాకు కోత మొదలుకాకముందు.

తన బట్టలు దీప తనే కుట్టుకుంటానంది. వాళ్లమ్మ సుశీల పెళ్లినాటి ఎర్రంచు పసుపు చీర తీసింది. దానికి దీప నడుం దగ్గర గవ్వలు కుట్టిన బట్ట బెల్టు తయారు చేసింది.

"చీర మీద బెల్టేందే, గార్డు లెక్క?" అంది సోమక్క.

"ఇప్పుడందరూ పెడుతున్నరు, నాయనమ్మా."

"ఆ పక్క సంచేంది?"

"జేబు. ఫోన్ పెట్టుకోను."

"పెళ్లికూతురికి జేబా!" సోమక్క కోడలి వైపు తిరిగింది. "చూసినవా సుశీలా? రేపు తలంబ్రాలు కూడ దాన్లనే దాచుకుంటది నీ బిడ్డ."

"మీరు చీర కొంగుకు మూటగట్టలే, అత్తా? అదీ జేబే," అంది సుశీల.

సోమక్క కొంగు ముడిని మెల్లగా వెనక్కి తోసుకుంది.

అయితే రవిక మాత్రం దీప ఎవరికీ చూపించలేదు. ఎనిమిది రోజులు, ఎంబ్రాయిడరీ రింగు బిగించి, పైన తువ్వాలు కప్పి కుట్టింది. ఇంట్లో మూత పెట్టిన వస్తువు ఉండగా సోమక్క ఎనిమిది రోజులు బతికి ఉండటమే గొప్ప. తొమ్మిదోనాడు దీప తలకు నీళ్లు పోసుకోవడానికి పోయిందో లేదో, తువ్వాలు తీసేసింది.

పసుపుపచ్చ నేతబట్ట రవిక. ఎడమచేతి మీద, భుజం నుంచి మోచేతి దాకా, ముదురాకుపచ్చ దారంతో ఏడు చుక్కలు. మూడు కోడికాళ్లు. మూడోదానికి ఒకటే వేలు. అక్కణ్ణుంచి వంకర గీత. దాని చివర ఒక చిన్న గవ్వ. కుడిచేయి బోసి.

సోమక్క తన పిరికితనాన్ని అంత పెద్దగా, అంత శుభ్రంగా ఎన్నడూ చూసుకోలేదు. సూది వణికిన చోట కూడా పిల్ల ఆ వణుకు తప్పిపోకుండా కుట్టింది.

"చూసేసినవా?" వెనక నుంచి దీప తడిజుట్టుతో నిలబడి ఉంది. కోపం లేదు, నవ్వుతోంది. "నువ్వు నిద్రపోతుంటె నీ చెయ్యి మీద కాగితం పెట్టి దించిన. ఎక్కడా దొరకదు ఈ డిజైన్. పుట్టింటి దారి చేతి మీద పెట్టుకుని అత్తగారింటికి పోతున్న, నాయనమ్మా. మనసుల గుబులైతే చూసుకుంట. చర్ల అత్తమ్మకు కూడ ఫోన్ల చెప్పిన."

సోమక్క గీత మీద వేలు పెట్టింది. "ఆ గీత తీసేసి పువ్వు పెట్టరాదే?"

"పువ్వులు అందరూ పెడతరు."

"పోనీ ఆ మూడో కాలికి ఇంకో రెండు వేళ్లు..."

"అబ్బ, నువ్వే చెప్తివి గదా, అది గుట్ట మీద ఒంటరి చెట్టని!"

అవును. ఆ చెట్టును సోమక్కే నిరుడు చేర్చింది.

"ఇంకో మాట," అంది దీప. "ఉసూర్ నుంచి గంగే అవ్వను పిలిచిన. నీ చిన్ననాటి దోస్తు గదా."

ఆ మాటతో సోమక్క రవిక మీద మళ్లీ తువ్వాలు కప్పేసింది. గంగే వస్తుంది, చేయి చూస్తుంది, నవ్వుతుంది. గంగే నవ్వితే వాగు అవతలికి వినపడుతుంది. తన పరువు పోతే పోయింది. ఎనిమిది రోజులు కళ్లు నొప్పెట్టేలా పిల్ల కుట్టుకున్న దారి, చర్ల వాళ్ల ముందు ఒట్టి పారిపోయిన గీత అయిపోతుంది. ముందే చెప్పేయాలి. పెళ్లికి మిగిలిన నాలుగు రోజుల్లో సోమక్క మూడుసార్లు చెప్పబోయింది. ఒకసారి దగ్గొచ్చింది. ఒకసారి పక్కింట్లో గొడవ మొదలైతే చూడటానికి పోయింది. మూడోసారి ఏ అడ్డమూ లేదు, ధైర్యమే లేదు.

పెళ్లినాడు పొద్దున్నే గంగే జీపు దిగింది. చేతుల నిండా పచ్చబొట్లు, నోటి నిండా నవ్వు. సోమక్క ఎదురెళ్లి ఆమె మీద ఒక ఉన్ని శాలువా కప్పేసింది.

"ఏందే సోమీ! ఇంత ఎండల నాకు దుప్పటి కప్పుతవేంది?"

"మర్యాద. మా ఊళ్ల మర్యాద ఇట్లనే ఉంటది. పద, పెరట్ల కూసుందాం, చాయ్ తాగుదువు."

మూడు చాయ్‌లు తాగించింది. నాలుగోది పోస్తుండగా గంగే శాలువా విసిరికొట్టి, "పెళ్లికి వచ్చిన్నా, చాయ్‌కి వచ్చిన్నా?" అంటూ పందిట్లోకి నడిచింది.

అప్పుడే దీపను బయటికి తీసుకువస్తున్నారు. పసుపు చీర, గవ్వల బెల్టు, నుదుట బాసికం. రవిక చేయి కనపడాలని కొంగును సన్నగా మడతపెట్టి భుజం మీద పిన్ను పెట్టుకుంది. ముందు వరసలో చర్ల అత్తమ్మ ఆ చేతినే మెచ్చుకోలుగా చూస్తోంది. గంగే కూడా చూసింది. ఆమె కళ్లు ఏడు చుక్కల మీదుగా, కోడికాళ్ల మీదుగా, గీత వెంబడి జారి గవ్వ దగ్గర ఆగాయి. నోరు తెరుచుకుంది.

బాసగూడలో ఏ కబురైనా సోమక్క నోటినుంచే ముందు రావాలి. అది ఆమె పుట్టుగుణం. తన పరువు పోయే కబురైనా సరే, ఇంకొకరు ముందు చెబుతుంటే ఆమె ఓర్చుకోలేదు.

"అది దారి గాదు!" అని అరిచింది. డప్పులవాళ్లు కూడా ఆగిపోయారు. "దీపా, అది దారీ గాదు, చెట్టూ గాదు. సూదికి భయపడి చెయ్యి గుంజుకున్న. గీత జారింది. నేను ఉరికిన. ఇన్నేండ్లు చెప్పిందంత అబద్ధం. ఇగో, ఈ గంగే ఉంది సాక్షి."

దీప తన చేతిని చూసుకుంది. నాయనమ్మ చేతిని చూసింది. పిల్ల కింది పెదవి వణికింది. అది నవ్వుకో ఏడుపుకో సోమక్కకు తెలియలేదు. తెలుసుకోవాలనిపించని సంగతి ఆమెకు ఎదురుకావడం అదే మొదలు.

"అబద్ధమేందే?" అంది గంగే. "సంతల నుంచి నువ్వు యాడికి ఉరికినవ్?"

"ఇంటికి."

"మధ్యల యాడన్న ఆగినవా?"

"యాడ ఆగుత? తిన్నగ మా అమ్మింట్లకే పోయి వడ్ల గుమ్మి ఎనక దాక్కుంటి."

"మరింకేంది? పుట్టింటికి పోయిన దారే గదా అది! నా చేతుల మీద బొట్లు నిండుగున్నయ్, ఏ దారీ లేదు."

దీప నవ్వేసింది, కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే. కాటుక పాడవకుండా సుశీల పరుగున వచ్చి కొంగుతో అద్దింది. చర్ల అత్తమ్మ మాత్రం ఇంకా తేరుకోలేదు. "అయితే ఇప్పుడు ఈ డిజైన్‌కు అర్థమేంది, బిడ్డా?" అని అడిగింది.

"మా నాయనమ్మ ఉరికిన దారి, అత్తమ్మా. నన్నెవరన్న సూదుల్లెక్క పొడిస్తే నేను కూడ గిట్లనే ఉరుకుత," అంది దీప.

నాగార్జున ఉలిక్కిపడ్డాడు. అత్తమ్మ ఒక్క క్షణం చూసి, పకాలున నవ్వింది. డప్పులు మళ్లీ మొదలయ్యాయి.

ఇప్పుడు చుట్టుపక్కల పెళ్లికూతుళ్లు ముగ్గురు ఆ రవికే కావాలని చర్లలో ఉన్న దీపకు ఫోన్లు చేశారు. ఒకమ్మాయి కొలతలు ఫోన్లో చెప్పేసి, సోమక్క చెయ్యి కూడా చూసిపోదామని బాసగూడ వచ్చింది. సోమక్క చేయి చాపి, దాపరికమేమీ లేకుండా, జరిగింది జరిగినట్టే చెప్పింది. సంత, సూదులు, కేక, పరుగు. అయితే ఉసూర్ సంత నుంచి వాళ్లమ్మ ఇంటికి దూరం తక్కువ. వినే పిల్లేమో శ్రద్ధగా వింటోంది. అందుకని పరుగులో ముందు ఒక వాగు అడ్డం వచ్చింది. ఆ తర్వాత, ఎంత ఆపుకున్నా ఆగక, ఎప్పుడో తీసేసిన పులి మళ్లీ వచ్చింది.