బ్యాంకు కాగితంలో నా వయసు

ఇల్లు కొనకముందే బ్యాంకువాళ్ళు ఒక కాగితం ఇస్తారు. వీళ్ళకు ఇంతవరకు అప్పు ఇస్తాం, వెళ్ళి బేరం చేసుకోవచ్చు అని అందులో ఉంటుంది. ఆ కాగితం చేతిలో ఉంటే అమ్మేవాడు కుర్చీ వేస్తాడు. లేకపోతే గుమ్మం దగ్గరే మాట్లాడి పంపిస్తాడు. దాని కోసం నేను నెలన్నర తిరిగాను. అందులో బ్యాంకు తప్పేమీ లేదు. తప్పు నాది, అదీ నేను స్వయంగా రాసింది.

నాది కుట్టుపని. గజపతినగరం బజారులో ఒక ఇంటి వీధి అరుగు మీద రేకు దింపి రెండు మిషన్లు వేసుకున్నాను. వెనక రెండు గదుల్లో కాపురం. అలా పాతికేళ్ళు అద్దెకున్నాను. ఇంటివారు బడి మాస్టారు, పక్క వీధిలో ఉండేవారు.

నలభై ఎనిమిదో ఏడు దాకా నాకు అక్షరాలు రావు. అంకెలు వచ్చు, టేపు మీద ఉంటాయి కాబట్టి. కొలతల పుస్తకంలో పేర్లకు బదులు బొమ్మలు వేసుకునేవాణ్ణి. కిరాణా కొట్టాయనకు తక్కెడ, పోస్టాఫీసాయనకు గొడుగు. మీసాలవాళ్ళు ఇద్దరు ఒకే వారం వస్తే మాత్రం ఒకడి చొక్కా ఇంకొకడికి వెళ్ళేది. తర్వాత బళ్ళ యూనిఫారాలు కుట్టే పని వచ్చింది. పిల్లల పేర్ల జాబితా చేతిలో పెట్టి వెళ్ళారు. అది పట్టుకుని మాస్టారి దగ్గరకు వెళ్తే ఆయన మూడు రోజులు చదివి పెట్టారు. నాలుగో రోజు, "నీకు చదివి పెట్టడం కన్నా నేర్పీడమే తేలికరా. సాయంత్రం అరుగు మీద కూకో" అన్నారు. అయిదు నెలల్లో బస్సు బోర్డులు చదివాను. ఏడాదికి పేపరు చదివాను.

అక్షరాలు వచ్చాక ఏదో ఒకటి రాయాలని ఉంటుంది. రాయడానికి నాకు పెద్దగా ఏమీ లేదు. చాలా ఏళ్ళు ఊరికే ఉన్నాను. యాభై నాలుగో ఏట పింఛను అర్జీ రాశాను. వృద్ధాప్య పింఛనుకు అప్పట్లో అరవై అయిదు నిండాలి. మా వీధిలో నా ఈడువాళ్ళు అప్పటికే ముగ్గురు ముసలివాళ్ళయిపోయారు. నాకు జుట్టు నలభైకే నెరిసింది. పై పళ్ళు దారం కొరికి కొరికి పోయాయి. మొహం చూసి అనుమానపడేవాడు లేడు. "నా వయసు అరవై అయిదు సంవత్సరములు" అని తెల్లకాగితం మీద నా చేత్తో రాసి, తప్పులుంటే చెప్పమని మాస్టారికి చూపించాను. ఆయన ఎర్ర పెన్నుతో రెండు చోట్ల దిద్ది, నా మొహంలోకి చూసి, "మీరు నాకన్నా పెద్దోరేటండీ?" అన్నారు. అంతవరకు ఒరే అనే మనిషి ఆ రోజు నుంచి మీరు అన్నారు. ఆ తర్వాత అద్దె కూడా పెంచలేదు. ఎందుకని నేను అడగలేదు.

పింఛను వచ్చింది. మొదట్లో రెండు వందలు, తర్వాత వెయ్యి. పింఛను రోజున మా ఆవిడ చేపలు తెచ్చేది. ఆధార్ కార్డులు తీసినప్పుడు పుట్టిన తేదీ అడిగారు. పింఛను పుస్తకం చూపించాను. నెల, తేదీ తెలియవంటే జనవరి ఒకటి వేశారు. మా వీధిలో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు.

ఇలా ఉండగా మాస్టారికి రెండు మోకాళ్ళూ పోయాయి. ఆపరేషనుకు డబ్బు కావాలి, ఇల్లు అమ్ముతానన్నారు. నేను కొంటానన్నాను.

"మీకిస్తే నాకూ బావుంతాది" అన్నారాయన. "కానీ ముందు బ్యాంకు కాగితం తెండి. పోయినేడు ఒకడు అడ్వాన్సు పడేసి, లోను రాలేదనీసి ఎనిమిది నెల్లు తిప్పేడు. అవతల భోగాపురం కాడ ఎయిర్‌పోర్టుకి బూములు పోయినోళ్ళు రొక్కం పట్టుకోని తిరుగుతన్నారు. నెలన్నర ఆగుతాను. ఆ తర్వాత నన్నేటీ అనకండి."

ఇంకొకడు కొంటే ముందుగా ఆ అరుగు పగలగొడతాడు. బజారులో ఇంకో చోటు దొరకదు, దొరికినా దాని అద్దె నేను కట్టలేను. సందులోకి పోతే బళ్ళవాళ్ళు వెతుక్కుంటూ రారు. మిషన్లు అమ్ముకుని ఇంట్లో కూర్చోవాలి. ఆ ఇల్లూ ఉండదు.

మా అమ్మాయి విజయనగరం ఆసుపత్రిలో నర్సు. ప్రభుత్వ జీతం. ఇద్దరం బ్యాంకుకు వెళ్ళాం. అక్కడ లోన్లు చూసే ఆఫీసరమ్మ మా అమ్మాయి జీతం కాగితాలు చూసి, మాస్టారు చెప్పిన ధరకు నాలుగో వంతు తక్కువ వస్తుందంది.

"మీ నాన్నగారి ఆదాయం కూడా కలిపితే సరిపోతుంది. యూనిఫారాల డబ్బు ఏటా ఖాతాలోనే పడుతోంది, మంచిదే" అంటూ నా కార్డు చేతిలోకి తీసుకుంది. "అయ్యో, ఈయనకు డెబ్బై నిండాయండీ. డెబ్బై దాటిన వాళ్ళను కలపలేం."

"డెబ్బయ్యేటమ్మా? నాకు యాబై తొమ్మిది" అన్నాను.

"కార్డులో అలా లేదు కదండీ."

"కార్డులోది పింఛను కోసం రాసుకున్న వయసు."

మా అమ్మాయి బల్ల కింద నా కాలు తొక్కింది. ఆఫీసరమ్మ కంప్యూటరు వైపు తిరిగింది.

"ఆ మాట నాకు వినబడలేదు. అసలు వయసుకు రుజువు తెచ్చి, కార్డు సరిచేయించుకుని రండి. అప్పుడు చూస్తాను."

బయటకొచ్చాక మా అమ్మాయి అరిచింది. "నాన్నా, అన్ని సోట్లా నిజం సెప్పీకూడదు."

"మరి అబద్ధం ఎక్కడ సెప్పాల?"

"ఒక సోట సెప్పీసేవు కదా. సాల్లే."

ఇంట్లో మా ఆవిడ సంగతంతా విని మిరపకాయల తొడిమలు తీయడం ఆపింది.

"వయసు దించితే పింఛను పోతాదా?"

"పోతాది."

"రెండు కార్డులు ఇవ్వరేటి? పింఛను కాడికి ముసిలోడు ఎల్తాడు, బ్యాంకు కాడికి పడుసోడు ఎల్తాడు. నాకు ఇద్దరూ ఒకటే."

"ఒసే, మడిసి ఒక్కడే."

"ఒక్కడే అనీసి ఆ రోజు గుర్తు నేదేటి నీకు?" అని మళ్ళీ తొడిమలు తీసుకుంది.

రుజువు ఎక్కడుందో నాకు తెలుసు. మాది బాప్టిస్టు మిషను కుటుంబం. మా నాన్న ఊరు శ్రీకాకుళం దాటాక శ్రీకూర్మం వెళ్ళే దారిలో ఒక పల్లె. అక్కడి చర్చిలో, పసిపిల్లలను తెచ్చి ప్రార్థన చేయించిన రోజు రిజిస్టరులో రాసేవారు. మర్నాడే బస్సెక్కాను. పాస్టరుగారు మా అమ్మాయి ఈడువాడు. పురుగు కొట్టిన రిజిస్టరు తీసి పేజీలు తిప్పుతుంటే, ఆయన కన్నా ముందు నేనే చూశాను. దర్జీ కొడుకు, వయసు మూడు నెలలు అని ఉంది. మా నాన్న పేరు ఉంది. పక్కన మా అమ్మ పేరు కూడా ఉంది. మా అమ్మ పేరు అక్షరాల్లో చూడడం నాకదే మొదలు. ఆవిడకు చదువు రాదు. తన పేరు అక్కడుందని ఆవిడకు తెలిసి ఉండదు. పాస్టరుగారు పేజీ తిప్పబోతే ఉంచమన్నాను.

"ఇప్పుడు దీని అవసరం ఏమొచ్చిందయ్యా?" అని అడిగారాయన. చెప్పాను. ఆయన రిజిస్టరు మూసేశారు.

"సర్టిఫికెట్ రాసిస్తాను. కానీ ముందు ఆ పింఛను ఆపించి, ఆపమన్నట్టు ముద్ర వేయించిన కాగితం తెండి. అది తీసుకుంటూ ఇది రాయించుకుంటే నేనూ మీతో కలిసి అబద్ధం ఆడినట్టు."

కుర్రవాడే గాని వదిలేలా లేడు. బస్సు చార్జీ రెండోసారి పెట్టుకోవాల్సి వచ్చింది.

మండలాఫీసులో పింఛన్లు చూసే గుమాస్తా నన్ను చూసి కొత్త పింఛనుకు వచ్చాననుకున్నాడు.

"పింఛను ఒగ్గేస్తన్నాను బాబూ" అన్నాను.

"ఎవులిది? పోయినోళ్ళదైతే ఆ పక్క ఫారం ఉన్నాది, తీసుకో."

"నాదే."

అతను పెన్ను కింద పెట్టాడు. "బతికున్నోళ్ళకి ఫారం నేదు తాతా. పోయినోళ్ళకున్నాది. ఊరొదిలెల్లిపోయినోళ్ళకున్నాది. ఉన్నూళ్ళో ఉండి, బతికుండి, పింఛను ఒగ్గేసినోణ్ణి నేనింతవరకూ సూడలేదు."

"ఇప్పుడు సూడు."

"పోయినట్టు రాసీమంటావేటి? బేగి అయిపోతాది."

కొంచెం ఆలోచించాను. "పోయినోడికి బ్యాంకోళ్ళు లోనివ్వరు బాబూ" అన్నాను.

తెల్లకాగితం ఇచ్చి, ఎవరిచేతైనా రాయించుకు రమ్మన్నాడు. నాకొచ్చు అని బెంచీ మీద కూర్చున్నాను. "నా వయసు అరవై అయిదు అని గతములో రాసినది నిజము కాదు. రాసినది నేనే. ఎవరూ చెప్పి రాయించలేదు. కావున నా పింఛను ఆపగలరు" అని రాసిచ్చాను. అతను ఒకసారి కూర్చుని చదివాడు, ఒకసారి లేచి చదివాడు.

"ఇదేటి తాతా ఇలగ రాసీసేవు? అప్పుడు ఎంక్వైరీ సేసినోడు ఎవుడనీసి అడగరేటి? 'నాకు అవసరం నేదు' అని రాయి, సాలు."

"అవసరం ఉన్నాది."

"ఉంటే ఎందుకు ఒగ్గేస్తన్నావు?"

"వయసు నేదు."

అతను చుట్టూ చూసి నకలు మీద ముద్ర కొట్టి ఇచ్చాడు. ఇన్నాళ్ళూ తీసుకున్నది తిరిగి కడతానంటే, పుచ్చుకోవడానికి పద్దు లేదు, ముందు వెళ్ళమన్నాడు. ఆ అర్జీకి ఈ రోజుకీ జవాబు రాలేదు. పింఛను మాత్రం పై నెల నుంచే ఆగింది. ఏ ఆఫీసులోనూ నా పని అంత తొందరగా అవలేదు.

మళ్ళీ శ్రీకాకుళం బస్సు ఎక్కాను. పాస్టరుగారు ముద్ర చూసి సర్టిఫికెట్ రాసిచ్చారు. దాని మీద మా అమ్మాయి ఆసుపత్రి డాక్టరు గెజిటెడ్ ఆఫీసరుగా సంతకం చేశారు. కార్డులో వయసు మార్చమని మీసేవలో ఇచ్చి ఎదురుచూస్తూ కూర్చున్నాం. నెల దాటిపోయింది.

ఒకరోజు నేను నిక్కరు కుడుతుండగా తెల్లచొక్కాల వాళ్ళిద్దరు వచ్చి అరుగు ఎగాదిగా చూశారు. భోగాపురం నుంచి వచ్చారట, మాస్టారు ఇల్లు చూసి రమ్మన్నారట.

"టేపుంటే ఒకసారి ఇవ్వు తాతా" అన్నాడు పెద్దాయన.

ఇచ్చాను. నా టేపుతో నా అరుగు కొలిచారు. అరుగు తీసేస్తే రెండు షట్టర్లు పడతాయని మాట్లాడుకున్నారు. టేపు తిరిగి ఇచ్చేటప్పుడు, చుట్టకుండా మిషను మీద పడేశారు.

కార్డు మారి వచ్చేసరికి గడువులో నాలుగు రోజులు మిగిలాయి. ఆఫీసరమ్మ అన్నీ చూసి, నన్నూ ఒకసారి చూసి, "పదకొండేళ్ళు తగ్గారు, కానీ మనిషి అలాగే ఉన్నారు" అంది. మూడో రోజు మా అమ్మాయి ఫోను చేసి కాగితం వచ్చిందని చెప్పింది. ఆ సాయంత్రమే తీసుకెళ్ళి మాస్టారి చేతిలో పెట్టాను. నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివారు, బడిలో పేపర్లు దిద్దినట్టు. మధ్యలో ఆగారు.

"ఇదేటి, యాబై తొమ్మిదని ఉన్నాది?"

"అదే నిజం మాస్టారూ."

"మరప్పుడు అరవయ్యైదని రాసి నాకే సూపించేరు. నేను దిద్దేను కూడాను."

"అక్షరాలు దిద్దేరు. వయసు దిద్దలేదు."

ఆయన వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నారు. ఆయనకు అరవై ఆరు.

"అంటే నాకన్నా ఏడేళ్ళు సిన్నోడివా?"

"అవును."

"ముసిలోడు, ఏటి పీక్కుతింటాం అనీసి అయిదేళ్ళబట్టి నీకు అద్దె పెంచలేదు కదరా!"

నేను కుర్చీ అంచుకు జరిగాను.

"ఇప్పుడదంతా ధరలో కలపాల నేను" అన్నారు.

"కలపండి. కానీ బ్యాంకోళ్ళు ఇచ్చేది అందులో రాసిందే. అంతకన్నా రూపాయి రాదు. ముందు కాగితం తెమ్మన్నది మీరే."

మాస్టారు ఆ అంకె మీద వేలు పెట్టి మళ్ళీ చూశారు. తర్వాత కళ్ళజోడు తీశారు.

"ఈ యాబై తొమ్మిదైనా నిజమేనా?"

"చర్చి రిజిస్టరులో ఉన్నాది."

"అది ఎవుడు రాసేడు?"

"నేను కాదు మాస్టారూ."

"అయితే సరే" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఒరే, టీ తాగి ఎల్లు" అన్నారు.

రెండు రోజులకు, బేరం కుదిరిన సంగతి ఇంకా తెలియని ఆ భోగాపురం ఆయన ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చి టేపు అడిగాడు. పనిలో ఉంది, ఇవ్వనన్నాను.