జేబులో బెల్లం ముక్క

మా పాప నిద్రలో పళ్ళు కొరకడం మొదలుపెట్టినప్పుడు దానికి నాలుగేళ్ళు. అన్నంలో రాయి పంటికింద పడ్డట్టు చప్పుడు. పాలపళ్ళన్నీ అరిగిపోతాయేమోనని ఫోన్ లైటు వేసి, పెదవి ఎత్తి చూసేదాన్ని.

"కడుపులో పురుగులున్నాయమ్మాయ్. మీ మావగారు రోజూ బెల్లం ఎట్టబట్టే ఇదంతా," అంది మా అత్తగారు.

మావగారు అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పనిచేసేవారు. రంగు చూడటానికి కొనేవాళ్ళు దిమ్మ అంచున చిదిపే మచ్చు ముక్కల్లో ఒకటి కాగితంలో చుట్టి, మధ్యాహ్నం భోజనానికి వచ్చేటప్పుడు చొక్కా జేబులో తెచ్చేవారు. పాప గుమ్మంలోనే ఆ జేబులో చెయ్యి పెట్టేసేది.

డిగ్రీ చదివినదాన్నే. అయినా ఏ డాక్టరునీ అడక్కుండా అత్తగారి మాట నమ్మాను. పురుగుల మందు పట్టించాను. "మావయ్యగారూ, ఇంక బెల్లం తేకండి," అన్నాను.

"అలాగేనమ్మా. పిల్ల బాగుంటే సాలు," అన్నారు.

మర్నాడు పాప జేబు వెతికింది. "తాతా, ఏది?"

"జేబుకి కన్నం పడిపోనాదే బంగారం. దారిలో జారిపోనాది."

అది జేబంతా వేలితో తడిమింది. "కన్నం లేదు! తాత అబద్ధాలకోరు!"

ఆయన పెద్దగా నవ్వారు. ఆ మర్నాటి నుంచి కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుంటే గానీ లోపలికి వచ్చేవారు కాదు, బెల్లం వాసన దానికి తగలకూడదని. వారం తిరిగేసరికి పాప గుమ్మం దాకా వెళ్ళడం మానేసింది. పళ్ళు కొరకడం మానలేదు.

వానాకాలంలో ఒక ఉదయం కాటా దగ్గరే ఆయన గుండె ఆగిపోయింది.

నెల పోయాక పాపని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. "ఈ వయసులో చాలామంది కొరుకుతారమ్మా. ఎక్కువమందికి పెద్దయ్యేకొద్దీ అదే తగ్గిపోతుంది. పడుకునే ముందు ఫోను, టీవీ వద్దు. పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి. మధ్యమధ్యలో తెచ్చి చూపించండి," అందావిడ.

"మరి బెల్లం?"

"బెల్లానికీ దీనికీ సంబంధం లేదు. తిన్నాక నోరు కడిగిస్తే చాలు."

వస్తూ ఆటో ఆపించి చిన్న ముక్క కొన్నాను. గుమ్మంలో దానికి అందించాను. పాప చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"వద్దమ్మా. పురుగులొత్తాయి."

ఇప్పుడు నా పక్కనే నిద్రపోతోంది. ఆ చప్పుడు వచ్చినప్పుడు దవడ మీద మెల్లగా నిమురుతున్నాను. కాసేపు ఆగుతుంది. రోజూ పడుకునే ముందు దానికి తాత కబుర్లే చెబుతున్నాను. బెల్లం తేవద్దన్నది నేనేనని మాత్రం ఇంకా చెప్పలేకపోతున్నాను.