ముద్ర అంచున నొక్కు

స్వీడన్‌లోని హుడిక్స్‌వాల్‌లో పోస్ట్‌మన్‌గా రిటైరైన హిల్డింగ్‌కి ఒకటే పిచ్చి, ఆ ఊరి నుంచి విదేశాలకు వెళ్ళిన పాత ఉత్తరాలు పోగెయ్యడం. కవరు మీది ముద్రలు చూసి, అది ఏ ఓడెక్కి ఏ రేవులో దిగిందో చెప్పేసేవాడు. అరుదైనవి చాలావరకు చిన్ననాటి స్నేహితుడు సిక్స్‌టెన్ వెతికి తెచ్చినవే. ఫ్రాన్స్‌కి వెళ్ళింది మాత్రం నలభై ఏళ్ళుగా దొరకలేదు. డెబ్భయ్యో పుట్టినరోజున సిక్స్‌టెన్ అదీ తెచ్చి చేతిలో పెట్టాడు, 1858 నాటిది. హిల్డింగ్ కళ్ళనీళ్ళు పెట్టుకుని, తనలాంటి సేకర్తల క్లబ్బంతా తిప్పి చూపించాడు.

వారం తర్వాత భూతద్దంలో చూస్తే, ఊరి ముద్ర అంచున చిన్న నొక్కు. ఆ కాలంలో పోస్టాఫీసులో వాడిన ఇత్తడి ముద్ర తన దగ్గరే ఉండేది. పోయినేడు మెట్ల మీద చేయి జారి పడి, దాని అంచు సరిగ్గా అక్కడే నొక్కుకుపోయింది. ఆ తర్వాతే ప్రదర్శనకని సిక్స్‌టెన్ అడిగితే ఇచ్చాడు.

గురువారం కాఫీ దగ్గర కవరు ముందుకు తోశాడు. "ఏరా, పోయినేడు నా చేయి జారి ముద్రకి తగిలిన దెబ్బ 1858 నాటి ఉత్తరం మీదికి ఎలా వచ్చిందిరా?"

సిక్స్‌టెన్ దాల్చినచెక్క బన్ను తుంపుతూ, "నీ సంతోషం కోసమే కదరా! ఇన్నాళ్ళూ ఇచ్చినవాటిని ఇంత పట్టి చూశావా ఎప్పుడైనా?" అన్నాడు.