ఇంజనుకు వండిన ఆముదం

మొన్న కరీంనగర్‌లో కొత్తగా తెరిచిన ఒక సేంద్రియ దుకాణానికి మా అమ్మాయి నన్ను వెంటబెట్టుకుని పోయింది. కొర్రలు, అరికెలు, తాటిబెల్లం, గానుగ నూనెలు అన్నీ అద్దాల బీరువాల్లో బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ఒకప్పుడు మన ఇళ్లలో ఏ మూలనో పడి ఉండి ఎవరూ పట్టించుకోని వస్తువులనే ఇప్పుడు మనకు కొత్తగా పరిచయం చేస్తున్నారు. కౌంటరు దగ్గరి అమ్మాయి ఒక సీసా మూత తీసి, పాతకాలం పద్ధతిలో వండిన ఆముదమమ్మా, ఒకసారి వాసన చూడండి అంటూ నా ముక్కు దగ్గర పెట్టింది. వేయించిన గింజల మాడు వాసన గుప్పుమని తగిలేసరికి నేను సీసాను పక్కకు జరిపి బయటికి వచ్చేశాను. తలనొప్పిగా ఉందని మా అమ్మాయికి చెప్పాను. నా ఈడు వాళ్లకు ఆ వాసన వస్తే తలంటు పోసిన తల్లులు, చంటిపిల్లల మాడుకు నూనె అద్దిన చేతులు గుర్తుకొస్తాయేమో. నాకు మాత్రం ఒక బొమ్మకారు గుర్తుకొస్తుంది. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఆ బొమ్మకారు పోవడంతోనే నా సంసారం కూడా పోయింది.

మాది హుస్నాబాద్ వైపు ఒక పల్లె. చెరువు కింద భూమి ఉన్నవాళ్లు వరి వేస్తే, మాలాంటి వానకు పండే చెలక భూముల వాళ్లం ఆముదాలు, జొన్నలు వేసేవాళ్లం. మా అమ్మాయికి ఇంకా నడకైనా రాకముందే మా ఆయన దుబాయి పోయారు. అక్కడ ఒక పెద్దింట్లో కారు డ్రైవరు. నాకు ఊళ్లోనే అంగన్‌వాడీ టీచరు పని దొరికింది. పగలంతా పరాయి పిల్లలకు పాటలు నేర్పి, సాయంత్రం ఇంటికొచ్చి అత్తమ్మతో కలిసి ఆయన తన మాటలు నింపి పంపిన కాసెట్టు టేప్‌రికార్డరులో పెట్టుకుని వినడం, ఇదే మా కాపురం. ఆ రోజుల్లో మా వైపు ఇంటికొక మగవాడు గల్ఫులో ఉండేవాడు కాబట్టి నా బాధ ఎవరికీ ప్రత్యేకంగా తోచేది కాదు. అందరికీ ఉన్న జ్వరమే నాకూ వచ్చిందన్నట్టు చూసేవాళ్లు.

తొంభైల మొదట్లో ఆయన మొదటిసారి సెలవు మీద వచ్చారు. రెండు నెలలు. అందరూ తెచ్చినట్టే దుప్పట్లు, సెంట్లు, సబ్బులు తెచ్చారు. వాటితోపాటు ఒక అట్టపెట్టె కూడా తెచ్చారు. దాంట్లో ముళ్లముళ్ల టైర్లు, వెనకవైపు నిలబెట్టిన రెక్క ఉన్న ఒక కారు, మూరెడు పొడవుంటుందేమో. బగ్గీ అంటారట. చేతిలో పట్టుకునే రిమోటుతో నడుస్తుంది. అంతవరకైతే బొమ్మే అనుకుని ఊరుకునేవాళ్లం. కానీ అది బ్యాటరీతో నడిచేది కాదు, దానికి నిజం ఇంజనే ఉంటుంది. పిస్టను, సిలిండరు, పొగగొట్టం అన్నీ ఉంటాయి, అయితే మొత్తం గుప్పిట్లో పడుతుంది. ఆ ఇంటి అబ్బాయికి మోజు తీరి, ఇంజను అరిగిపోయిన ఆ బండిని ఈయనకు ఇచ్చేశాడట. ఆ అబ్బాయి బొమ్మకార్లు బాగుచేయించడానికి దుకాణానికి తిరిగి తిరిగి ఈయనకు ఆ విద్య అబ్బింది. తన సొంత డబ్బుతో ఒక కొత్త ఇంజను కొని, దాన్ని మాత్రం బట్టల మధ్యలో చుట్టుకుని తెచ్చుకున్నారు.

ఎందుకు తెచ్చారో వచ్చిన రెండో రోజే చెప్పారు. కరీంనగర్‌లో ఎగ్జిబిషను పెట్టే కాంట్రాక్టరు ఒకాయన ఈయనకు తెలుసు. రంగులరాట్నం, గుండ్రటి బావిలో మోటారు సైకిలు తిప్పడం లాంటివన్నీ ఆయనవే. కరీంనగర్ అయిపోయాక జమ్మికుంట, మంచిర్యాల, ఆదిలాబాద్ దాకా ఆ డేరాలు తిరిగేవి. ఇలాంటి బండి మన దేశంలో ఎవరూ చూసి ఉండరు, నడిపి చూపిస్తే సీజనంతా నీకొక చోటు ఇస్తానని ఆ కాంట్రాక్టరు మాటిచ్చాడట. బండి నడిస్తే నేనిక వెనక్కి పోనని మా ఆయన అన్నారు. ఆ మాట విన్న దగ్గరినుంచి నాకు ఆ బండి తప్ప లోకంలో మరొకటి కనిపించలేదు.

పాత ఇంజను విప్పి కొత్తది బిగించడానికి ఎక్కువ కాలమేమీ పట్టలేదు. దాన్ని పనికి అలవాటు చేయడమే పెద్ద తతంగం. మన రోజుల్లో కొత్త స్కూటరు కొన్నవాళ్లు మొదటి సర్వీసింగు అయ్యేదాకా నలభై దాటనివ్వకుండా ఎంత భయంగా నడిపేవాళ్లో మీకు గుర్తుండే ఉంటుంది. ఇదీ అంతే, కాకపోతే దీని చాదస్తం ఇంకా ఎక్కువ. కొత్త పిస్టను సిలిండరులో బిర్రుగా ఉంటుంది. అది నిదానంగా ఒరుసుకుని దారి చేసుకోవాలి, తొందరపెడితే వేడెక్కి పట్టేస్తుంది. అందుకని బండిని రెండు ఇటుకల మీద పెట్టి, చక్రాలు గాలిలో ఉట్టిగా తిరిగేలా, ఇంజనును సన్నగా గురగురమనిపిస్తూ టాంకీ ఖాళీ అయ్యేదాకా నడిపేవారు. తర్వాత పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ నింపేవారు. దానికొక సూది ఉంటుంది, దాన్ని వదులు చేస్తే ఇంధనం ఎక్కువ పోయి చల్లగా, మందకొడిగా నడుస్తుంది, బిగిస్తే జోరు పెరుగుతుంది, వేడీ పెరుగుతుంది. టార్చిలైటు బ్యాటరీకి తీగలు కట్టి ఇంజను నెత్తిమీది ప్లగ్గు ఎర్రబడ్డాక తాడు లాగితే, నీలం రంగు పొగ వాకిలంతా కమ్మేది. ఊరి జనం పనులు మానుకుని మా గోడ మీద వరుసగా చేరేవాళ్లు. ఎప్పుడు ఉరుకుతుందని అడిగితే, ఇంకా లేదు, ఇంకా లేదు అని ఆయన చిరాకు లేకుండా చెప్పేవారు. మిగతా విషయాల్లో అంత ఓపిక ఉన్న మనిషి కాదు.

దానికి పెట్రోలు పనికిరాదు. కాలేజీ ప్రయోగశాలలకు సరుకులిచ్చే దుకాణంలో దొరికే ఒక రకం స్పిరిటులో ఆముదం కలపాలి. ఈ మాట వినగానే మా అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. దుబాయి నుంచి దిగిన యంత్రం మన చెలకలో పండే ఆముదం తాగుతుందంటే ఆమెకు నమ్మకం కుదరలేదు, రెండుసార్లు అడిగి తెలుసుకుంది. ఆయన మొదట కరీంనగర్ నుంచి సీసాల ఆముదం తెచ్చారు. బజారు సరుకు మీద ఆమెకు ఎప్పుడూ అనుమానమే. ఊళ్లో ఎవరు ప్రసవించినా పసిబిడ్డ మాడుకు అద్దడానికి మా ఇంటి ఆముదమే అడిగి పట్టుకుపోయేవాళ్లు. కొత్త ఇంజనంటే పురిటి బిడ్డలాంటిదే కదా, పసిగుడ్డుకు పట్టేది దీనికెందుకు పట్టదు అని ఆమె లెక్క. ఆ లెక్కలో తప్పు నాకూ కనిపించలేదు.

సీసాల నూనె అయిపోయే సమయానికి, కాంట్రాక్టరు రమ్మన్న రోజు దగ్గర పడుతుండగా, అత్తమ్మ ఆముదం వండింది. గింజలు వేయించి, రోట్లో దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో మెల్లగా తీసుకుని, దానిలో నీటి తడి లేకుండా చిటపటలు ఆగేదాకా మళ్లీ కాచడం, ఇదంతా ఒక పూట పని. పరాయి కన్ను పడితే నూనె తేలదని ఆమె నమ్మకం, అందుకని తలుపు దగ్గరికి వేసి, నన్ను కూడా మాట్లాడనివ్వకుండా వండింది. బట్టలో వడగట్టి కొడుకు చేతికి ఇస్తుంటే ఆమె ముఖంలో ఉన్న గర్వం నేనంతకు ముందు చూసింది కాదు. కొడుకు సంపాదన తినడమే గానీ, కొడుకు పనిలో తనకొక చెయ్యి ఉండటం ఆమెకు అదే మొదలు. మా ఆయన నూనెను వెలుతురుకు పట్టి చూసి, మస్తుగున్నదవ్వా అన్నారు.

ఆ రోజు అత్తమ్మతో కలిపి ముగ్గురమూ బస్సులో కరీంనగర్ పోయాము, బండి ఆయన ఒళ్లో, పాప నా ఒళ్లో. మైదానంలో రంగులరాట్నానికి ఇంకా ఇనుప కమ్ములు నిలబెడుతున్నారు. కాంట్రాక్టరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అత్తమ్మ నూనె కలిపిన ఇంధనం టాంకీలో పోసి తాడు లాగగానే ఇంజను స్టార్టయింది, బండి నేల మీద రెండు చుట్లు మెత్తగా తిరిగింది. కూలీలు పని వదిలేసి చుట్టూ చేరారు. కుర్చీలో కూర్చున్న మనిషిని మెప్పించడమంటే ఇదేనా, ఇంత సులువా అని నాలో నేను అనుకున్నాను.

కాంట్రాక్టరు మాత్రం పెదవి విరిచాడు. "గింత నిమ్మళంగ తిరిగితే జనం ఎవలు జూస్తరు? జర జోరు చూపెట్టు" అన్నాడు.

ఇంజను అలవాటు ఇంకా పూర్తి కాలేదని, ఇంకొన్ని రోజులు మెల్లగానే నడపాలని మా ఆయన చెప్పారు. ఆ కొన్ని రోజుల తర్వాత నేను ఆదిలాబాద్‌లో ఉంటానని కాంట్రాక్టరు అన్నాడు, కోపంగా కూడా కాదు, మామూలుగానే. మా ఆయన కాసేపు బండి వైపు చూసి, ఆ తర్వాత మా వైపు చూశారు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి సూది బిగించారు. పొగ పలచబడింది, ఇంజను గొంతు మారింది, బండి మట్టి ఎగజిమ్ముతూ దూసుకుపోయింది. కూలీలు ఈలలు వేశారు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మైదానం ఆ చివర మలుపు తిరుగుతుండగా ఇంజను చప్పుడు సన్నగా, ఎక్కువగా వినిపించి ఒక్కసారిగా ఆగిపోయింది. ఆయన పరుగెత్తి పోయి దాన్ని ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నారు. చల్లారాక ఎంత లాగినా తాడు కదలలేదు. రిపేరు అయినంక కనపడమని కాంట్రాక్టరు మర్యాదగానే చెప్పి లేచిపోయాడు. దాన్ని రిపేరు చేసేవాడు గానీ, దానికి పిస్టను దొరికే చోటు గానీ ఈ చుట్టుపక్కల ఎక్కడుంది?

తిరుగు బస్సులో, హుస్నాబాద్ ఇంకా రాలేదనగా అత్తమ్మ అడిగింది. "నా నూనెల నీళ్లు మిగిలినయా కొడుకా?"

"నూనెతోని కాలేదవ్వా. నేనే సూది బిగిచ్చిన. తప్పు నాది."

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆ తర్వాత నాతో ఒంటరిగా ఉన్నప్పుడు అదే మాట తిప్పి తిప్పి అనేది. రెండోసారి కాచేటప్పుడు చిటపటలు పూర్తిగా ఆగినాయో లేదో తనకు సరిగా గుర్తులేదని, కొడుకు తొందరలో ఉన్నాడని కొంచెం ముందే దించిందేమోనని. నేను పక్కనే ఉన్నాను, ఆగినాయి, నేను విన్నాను అంటే, నన్ను కూడా నమ్మలేదు.

సెలవు అయిపోయింది. ఆయన విప్పిన ఇంజనును మళ్లీ బట్టల్లో చుట్టుకుని విమానం ఎక్కారు. కొన్ని నెలలకు ఊరికి వచ్చిన ఒకాయనతో కాసెట్టు పంపారు. అక్కడి దుకాణంలో ఇంజను విప్పి చూశారట, వేడికి పిస్టను గీరుకుపోయిందట, సమయం కాకముందే సూది బిగించడం వల్లనే అని దుకాణదారు ఖాయంగా చెప్పాడట, నూనె మాత్రం మంచిదేనట. ఈ మాటలు ఆమె కోసమే ప్రత్యేకంగా, పేరుపెట్టి పిలిచినట్టు, అవ్వా అవ్వా అంటూ చెప్పారు. నాకు గుండె మీది బరువు దిగినట్టయి, కాసెట్టు వెనక్కి తిప్పి ఆమెకు మళ్లీ వినిపించాను. అత్తమ్మ అంతా విని టేప్‌రికార్డరు మీద చెయ్యి వేసింది.

"వాడు అబద్ధం జెప్పనోడే. నా కోసమైతే జెప్తడు."

మంచివాడైన కొడుకును కన్నందుకు ఆమెకు ఆ నిజం ఎప్పటికీ దక్కలేదు. ఆ తర్వాత ఆమె ఇంట్లో ఆముదం వండలేదు. ప్రసవమైన ఇళ్ల వాళ్లు గిన్నె పట్టుకుని వస్తే, నా చెయ్యి మంచిది కాదు బిడ్డా, వేరే ఇంట్ల అడుగుండ్రి అని పంపేసేది. నాకు జాలీ కలిగేది, కోపమూ వచ్చేది. ఆమె దుఃఖం చిన్నది కాదు, ఒప్పుకుంటాను, కానీ ఆ దుఃఖం నా దారి కూడా మూసేసింది. తర్వాతి సెలవుకు ఇంకొక ఇంజను తెస్తానని మా ఆయన పోయేటప్పుడు నాతో అన్నారు. తేలేదు. ఆ వస్తువు మళ్లీ ఇంట్లో కనిపిస్తే అవ్వ ఏమైపోతుందోనని భయపడ్డారు. నేనూ తెమ్మని నోరు తెరిచి అడగలేకపోయాను. ఎవరికి ఎవరం కష్టం కలిగించకూడదనుకుంటూనే ముగ్గురం అలా ఉండిపోయాం. ఆయన రెండేళ్లకో మూడేళ్లకో వచ్చి పోతూ ఉన్నారు. అత్తమ్మ పోయినప్పుడు పనిచేసే ఇంటివాళ్లు సమయానికి పాస్‌పోర్టు ఇవ్వకపోవడంతో, ఆయన వచ్చేసరికి దినాలు కూడా అయిపోయాయి.

ఇప్పుడు కాలం మారింది. దుబాయిలో ఉన్నవాడు ఏం తింటున్నాడో పెళ్లాం ఫోనులో చూస్తూనే ఉంటుంది, అబద్ధమో నిజమో ముఖం చూసి పట్టేస్తుంది. మాకు గొంతు ఒక్కటే వచ్చేది, అదీ నెలల తర్వాత. ఆయన మోకాళ్లు అరిగి, షుగరు తెచ్చుకుని, అన్నీ ముగించుకుని ఇంటికి వచ్చేశారు. ఎప్పుడైనా, నిజమే చెప్పిన కదా, అవ్వ ఎందుకు నమ్మలే అని నన్ను అడుగుతారు.

మా పెళ్లయి నలభై ఏళ్లు కావస్తోందని చుట్టాలు ముచ్చటపడుతుంటారు. ఆయన వచ్చి పోయిన సెలవులన్నీ కలిపి చూసుకుంటే, మా కాపురం వయసు నా అంగన్‌వాడీకి వచ్చే పిల్లల వయసంత కూడా లేదు. ఆ రోజు ఆయన్ను ఇంట్లో ఉంచుకోవాలని మేమంతా అంత పెనుగులాడామే, ఇప్పుడు ఆయన పొద్దంతా ఇంట్లోనే ఉంటున్నారు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని, ఏం మాట్లాడుకోవాలో తెలియక టీవీ పెట్టుకుంటాం. ఆయన కూరలో ఉప్పు ఎంత తింటారో నాకు ఇప్పటికీ తెలియదు, అడిగి వేస్తున్నాను.