వన్ మోర్ లేని ప్రార్థన

ఇరవై ఏళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెబుతున్నాను. తెర మీద ఏడ్చేది ఎవరైనా గొంతు నాది. తల్లి ఏడుపు, కోడలి ఏడుపు, ఏది కావాలంటే అది తీసిస్తాను. సరిగ్గా రాకపోతే అద్దం వెనకున్న ఇంజినీరుకి "సారీ సర్, వన్ మోర్" అని చెప్పి మళ్లీ ఏడుస్తాను.

మా చర్చి సంఘంలో ఎవరింట్లో ప్రార్థన కూడిక పెట్టినా ప్రార్థన నాకే అప్పగిస్తారు. "మీరు ప్రార్థిస్తే కన్నీళ్లు ఆగవండీ" అంటారు. ఆగవు మరి! ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ వణికించాలో తెలిసినదాన్ని. లోపల మాత్రం అంతా పొడి. పాస్టరుగారు క్రీస్తులో స్వాతంత్ర్యం గురించి చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. తాగుడు మానినవాళ్లు, భయాలు పోయినవాళ్లు లేచి సాక్ష్యం చెప్పేవాళ్లు. నా గొంతు నుంచి నాకు విడుదల ఎలాగో ఎవరూ చెప్పలేదు.

పోయిన వేసవిలో మా అక్కకి జబ్బు ముదిరింది. ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు డాక్టర్లు. మోతీనగర్‌లో ఆమె మంచం చుట్టూ కూడిక పెట్టారు. ఆ రోజు పొద్దుట్నుంచీ జూబ్లీహిల్స్ స్టూడియోలో ఒక తల్లి పాత్రకి ఏడ్చి, ఎర్రగడ్డ ట్రాఫిక్‌లో నలిగి, ఒళ్లు హూనమై వెళ్లాను.

"నువ్వు చెయ్యవే" అంది అక్క.

ఆమె కోసం ఈ ఒక్కసారైనా నిజం ప్రార్థన చెయ్యాలనుకున్నాను. "తండ్రీ, మా అక్క..." అనగానే గొంతు తనంతట తనే పొద్దుటి ఏడుపులోకి జారిపోయింది. వెనక ఎవరో వెక్కడం మొదలుపెట్టారు. నా మీద నాకే అసహ్యం వేసింది. మాట తెగింది. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది:

"సారీ సర్, వన్ మోర్."

అందరూ బిగుసుకుపోయారు. అక్క ఒక్కతే ఫక్కున నవ్వి, దగ్గింది. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ మొదలుపెట్టబోతుంటే, ఎర్రగడ్డ మార్కెట్లో కూరగాయలమ్మే మా సంఘం పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుంది.

"మల్ల చెప్పుడెందుకు బిడ్డా? ఆయన మొదట్నే ఇన్నడు. జర కూసో."

కూర్చున్నాను. అక్క చెయ్యి పట్టుకున్నాను. నోరు తెరవలేదు, ఎవరూ తెరవమనలేదు. కాసేపటికి కళ్లూ ముక్కూ కారడం మొదలైంది. చప్పుడు లేదు, అందం లేదు, ఏ డైరెక్టరూ ఓకే చెయ్యని ఏడుపు. అంత తేలిగ్గా నేనెప్పుడూ ఏడవలేదు.

వానలు మొదలయ్యాక అక్క పోయింది. సమాధి దగ్గర ప్రార్థన చెయ్యమని పాస్టరుగారు నన్నే అడిగారు.

"నాకు చెయ్యడం రాదండీ" అన్నాను.

ఆయన నా వంక వింతగా చూసి, తానే మొదలుపెట్టారు. నేను పెట్టె పక్కన నోరు మూసుకుని నిలబడ్డాను. అక్క గురించి చెప్పాల్సిందంతా లోలోపలే దేవుడికి చెప్పుకున్నాను.